అందరూ తొమ్మిదిలోనే

ఫణీంద్రకు మనుషులంటే ద్వేషం లేదు. ఎవరైనా అలా అంటే నొచ్చుకునేవాడు. మనుషులు ఒక్కొక్కరుగా, ముందుగా చెప్పి, గట్టిగా నవ్వకుండా వస్తే తను హాయిగా భరించగలనని అతని నమ్మకం. తాడేపల్లిగూడెంలో పద్నాలుగేళ్లు స్టాటిస్టిక్స్ చెప్పిన ప్రైవేటు కాలేజీలో అలా వచ్చినవాళ్లు ఎవరూ లేకపోయారు. స్టాఫ్ రూములో పదిమంది, ఒక్క ఫ్యాను. ఒకరి తోడల్లుడి స్థలం తగాదా, ఇంకొకరి మోకాళ్ల నొప్పి, మూడోవారి అద్దె ఇంటి కుళాయి కారడం ఒకేసారి గాలిలో నడుస్తుండేవి. ఎవరి మాటా ఎవరూ వినరు, అయినా ఎవరూ ఆపరు. అన్నీ వినేది అతనొక్కడే. వినకుండా ఉండడం తనకు చేతకాదని, అదే తన జబ్బని అతను ఏనాడో తేల్చుకున్నాడు.

ఏప్రిల్ చివర్లో రాజీనామా ఇచ్చాడు. ప్రిన్సిపాల్ దాన్ని చదివి, మడిచి, సొరుగులో పెట్టుకుని, జూన్ మొదటి సోమవారం దాకా ఇది ఇక్కడే ఉంటుంది మేష్టారూ, అప్పుడు చూద్దాం అన్నాడు. ఇలాంటి ఉత్తరాలు చాలా చూసిన మనిషి.

ఈలోగా ఏలూరులో, తన రెండో అంతస్తు ఫ్లాటులోనే, తలుపు వేసుకుని చేసుకునే పని దొరికింది. ఎక్కడో ఉన్న ఒక కంపెనీ. జనం వాళ్ల కాల్ సెంటర్‌కు ఫోన్ చేసి గోడు వెళ్లబోసుకుంటుంటే, ఆ మాటలు అప్పటికప్పుడు విని, అవతలి ఉద్యోగి మర్యాదగా మాట్లాడాడా లేదా అని మార్కులు వేయాలి. ఫణీంద్ర నోరు విప్పనక్కర్లేదు. అతను వింటున్నట్టు ఆ ఇద్దరికీ తెలియదు. అతని భార్య వీరదుర్గ రోజూ పొద్దున్నే రైలెక్కి తాడేపల్లిగూడెంలో బ్యాంకు ఉద్యోగానికి వెళ్తుంది. ఈ పని సంగతి విన్నప్పుడు ఆమె జడ వేసుకుంటూ ఒకే మాట అంది.

"మిమ్మల్ని ఎవరూ చూడకూడదు, మీరు మాత్రం అందర్నీ వినాలి. దేవుడి ఉద్యోగం కదండీ ఇది."

దేవుడికి లేని షరతు ఒకటి ఇతనికి ఉంది. నెల రోజులు పరీక్షాకాలం. పని వేళల్లో ఎప్పుడు పడితే అప్పుడు తెర మీద పచ్చరంగు గడి ఒకటి గంట కొట్టుకుంటూ వస్తుంది. ముప్పై సెకన్లలో దాన్ని నొక్కాలి. నొక్కకపోతే మనిషి లేడని లెక్క. మూడుసార్లు లేకపోతే ఉద్యోగమూ లేదు. మొదటి వారంలోనే రెండుసార్లు ఫణీంద్ర 'లేడు' అయ్యాడు. రెండుసార్లూ కుర్చీలోనే ఉన్నాడు, వేలు మౌస్ మీదే ఉంది. వైఫై లేదు. కంపెనీ పంపిన పల్చటి లాప్‌టాప్‌కు తీగ పెట్టే కన్నం లేదు, వేరే పరికరం తగిలిస్తే దాని సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. ఇంకొక్కసారి నెట్ తెగిందంటే సొరుగులో రాజీనామా చిరగడానికి బయటికి వస్తుంది, తను మళ్లీ స్టాఫ్ రూములోకి వెళ్తాడు.

అప్పుడే ఫోన్లోకి వైఫై ఎనలైజర్ అనే యాప్ దించుకున్నాడు. చుట్టుపక్కల ఏ రూటరు ఏ ఛానెల్లో మాట్లాడుతోందో అది బొమ్మ గీసి చూపిస్తుంది. అడుగున ఒకటి నుంచి పదమూడు దాకా అంకెలు. ఒక్కో రూటరుకు ఒక్కో కొండ. కొండ మీద ఇంటివాళ్లు పెట్టుకున్న పేరు. ఎడం వైపు, ఒకటో ఛానెల్ మీద, వెనక వీధి కోచింగ్ హాస్టల్ కొండలు ఎనిమిది. అవి ఊహించినవే. కుడివైపు చూసి ఫణీంద్ర కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. తొమ్మిదో ఛానెల్ మీద ఒకదానిమీద ఒకటి పద్నాలుగు కొండలు. 'పాపాయమ్మ గారి ఇల్లు'. 'బాషా లేడీస్ టైలర్'. 'ఆనంద్ పాల్ ఫ్యామిలీ'. అపార్ట్‌మెంటులో పద్నాలుగు వాటాలు. పద్నాలుగూ తొమ్మిదిలోనే.

వాటిలో ఒక కొండకు పేరు లేదు. అది తనది. ఎవరికీ కనబడకూడదని కనెక్షన్ తీసుకున్న రోజే పేరు దాచిపెట్టాడు. పేరైతే లేదుగానీ కొండ మాత్రం మిగతావాటికి ఏమీ తీసిపోకుండా, అదే ఎత్తులో, అదే గుంపులో ఉంది. దాన్ని చూస్తే కాస్త సిగ్గేసింది.

పద్నాలుగు ఇళ్లు ఎవరికి వారుగా ఒకే అంకె ఎంచుకునే అవకాశం ఎంతో అతను మనసులో వేసుకున్నాడు. దశాంశ బిందువు తర్వాత సున్నాలు చాలా వచ్చాయి. అంటే ఇది యాదృచ్ఛికం కాదు. దీని వెనక ఎవరో ఉన్నారు.

ఉన్నది బాపిరాజు. కేబుల్ కనెక్షన్లు ఇచ్చే మనిషి, యాభై ఏళ్లుంటాయి, భుజాన తీగచుట్ట లేకుండా ఎవరూ చూడలేదు. మెట్ల మీద పట్టుకుని అడిగితే అమాయకంగా ముఖం పెట్టాడు.

"నేను పెట్టడం ఏవుందండీ. ఐదో అంతస్తు నరసరాజు గారు తొమ్మిది రావాలన్నారు, పెట్టాను. ఆయనకి చేపల చెరువులు కలిసొచ్చాయి. ఇక చూడండి, రాజు గారికి పెట్టిందే మాకూ పెట్టమని అందరూ పట్టుకున్నారు."

"నేను అడగలేదు కదండీ."

"మీరు అడగలేదండీ. అడగనంత మాత్రాన అన్యాయం చేస్తానా? మీకూ తొమ్మిదే పెట్టాను."

ఫణీంద్ర విషయం వివరించాడు. తొమ్మిది మీద ఇంతమంది కూర్చుంటే ఆ రొద ఆరు నుంచి పన్నెండు దాకా చిందుతుంది. ఇటు చూస్తే హాస్టలు. మధ్యలో ఊపిరాడే చోటు లేదు. అందర్నీ ఆరుకు మారిస్తే అందరికీ మంచిది. మరి మీరు అని బాపిరాజు అడగలేదు కాబట్టి పదకొండు సంగతి ఫణీంద్ర చెప్పలేదు. అతని పథకంలో ఆరు అందరిదీ, పదకొండు తనొక్కడిదీ. ఇందులో మోసం లేదని తనకు తాను రెండుసార్లు నచ్చజెప్పుకున్నాడు. వాళ్లు ఎలాగూ గుంపుగానే ఉన్నారు, గుంపుగానే ఉంటారు. వాళ్లకు కొత్తగా పోయేదేముంది.

బాపిరాజు తీగచుట్ట ఇంకో భుజానికి మార్చుకున్నాడు. "ఆయ్, నాకేం అభ్యంతరమండీ. నరసరాజు గారు మారితే అందరూ మారతారు. ఆయన్ని కదపకుండా మీరొక్కరూ చెబితే, ఊరందరిదీ ఒక దారి ఉలిపికట్టెది ఒక దారి అంటారు."

అలా, మనుషులకు దూరంగా ఉండడం కోసం ఫణీంద్ర ఆదివారం కైకలూరు బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో మండవల్లి అవతల నరసరాజు చెరువుల దాకా వెళ్లాడు. కనుచూపు మేర నీళ్లూ, నీళ్ల మధ్య గట్లూ. చేపల మేతకు తవుడు సంచులు కట్టిన కర్రలు వరసగా నీళ్లలో నిలబడి ఉన్నాయి. నరసరాజు గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, పడవ మీద మనుషులు సంచులు మారుస్తుంటే చూస్తున్నాడు. ఒక్క నిమిషం కూర్చోండి, వాళ్లని అటు పంపించి వస్తానన్నాడు.

ఆ నిమిషంలో ఫణీంద్ర యాప్ తెరిచాడు. అడుగున అంకెలున్నాయి. కొండలు లేవు. ఒకటి నుంచి పదమూడు దాకా గీత నేలకు ఆనుకుని పడుకుంది. తను కోరుకున్నది అచ్చంగా ఇదే. అయినా, ఫోను పాడయిందేమోనని ఒకసారి ఆపి మళ్లీ వెలిగించాడు. గీత అలాగే ఉంది. ఎందుకో ఫోను జేబులో పెట్టుకుని, పడవ మీద వాళ్లు ఏం మాట్లాడుకుంటున్నారో చెవి ఒగ్గి విన్నాడు.

నరసరాజు వచ్చి సంగతంతా విని, నేను తొమ్మిది అడిగానా అని ఆశ్చర్యపోయాడు. కాసేపు ఆలోచించి, గుర్తొచ్చి, పొట్ట కదిలేలా నవ్వాడు.

"ఆ రోజు కారు నంబరు కోసం బ్రోకరుతో ఫోన్లో ఉన్నానండీ. అంకెలన్నీ కలిపితే తొమ్మిది రావాల్సిందే అని గట్టిగా చెబుతున్నా. ఈ బాపిరాజు బల్ల కింద దూరి పెట్టె బిగిస్తున్నాడు. 'పెట్టేశానండీ' అని బల్ల కింద నుంచి ఒక గొంతు వచ్చింది. సరే అన్నాను. నేను బ్రోకరుకి అన్నాను, ఇతను తనకి అనుకున్నాడు."

అసలు ఏలూరు ఫ్లాటులో తను నెట్ వాడేదే లేదని, నెలకు నాలుగు రోజులు పడుకోవడానికి వస్తానని, పెట్టె మాత్రం ఆర్పనని, ఆర్పితే మళ్లీ వెలగదేమోనని భయమని చెప్పాడు. ఆరైనా అరవై ఆరైనా మీ ఇష్టం అన్నాడు. వద్దంటున్నా వినకుండా మూడు కేజీల శీలావతి చేపను గోనె ముక్కలో చుట్టించి చేతిలో పెట్టాడు. బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకున్నందుకు ఏలూరు వచ్చేలోగా ఆరుగురితో మాట్లాడాల్సి వచ్చింది. ఎంత తూగింది, ఏ చెరువుది, పులుసా వేపుడా. ఒకాయన తోక పట్టుకుని చూసి తాజాదనం గురించి తీర్పు కూడా ఇచ్చాడు.

ఇన్ని ఇళ్లవాళ్లు ఇన్నేళ్లుగా నమ్ముకున్న తొమ్మిది ఒక కారుకు చెందినదని ఫణీంద్ర ఎవరికీ చెప్పలేదు. చెబితే మారతారని నమ్మకం లేదు. నిజాలకు మనుషుల్ని కదిపే బరువు లేదని స్టాఫ్ రూములో నేర్చుకున్నాడు. రాజు గారు ఆరుకు మారారట అన్న ఒక్క మాటతో పది ఇళ్లు మారాయి. మిగిలినవి రెండు.

మూడో అంతస్తు పాపాయమ్మ మారనంది. డెబ్బై ఏళ్ల మనిషి, ఒక్కతే ఉంటుంది. రోజూ పదింటికి తణుకులో ఉన్న చెల్లెలికి వీడియో కాల్ పెట్టి, ఫోను డబ్బాకు ఆనించి, ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని కూరలు తరుక్కుంటారు. రాజు గారికి చెరువులున్నాయి కాబట్టి ఎటైనా మారతారు, నాకు తొమ్మిది ఏం కీడు చేసిందని ఆమె వాదన. ఫణీంద్ర గుమ్మంలో నిలబడి ఓపికగా కొండల బొమ్మ చూపించాడు. ఆమె కొండల వైపు చూడలేదు. అప్పుడు అతని నోట్లోంచి, అతన్ని అడగకుండానే, ఒక మాట వచ్చేసింది.

"తొమ్మిదంటే నవమి కదండీ. అష్టమి నవముల్లో మీరు ఊరి ప్రయాణం కూడా పెట్టుకోరు కదా."

పాపాయమ్మ చేతిలో బెండకాయ అలాగే ఉండిపోయింది. మూడేళ్లుగా చెల్లెలి మనవరాలి సంబంధాల మాటలన్నీ ఆ ఫోన్లోనే జరిగాయని, రెండుసార్లు పీటల దాకా వచ్చి తప్పిపోయాయని, ఇదన్నమాట సంగతని ఆమె నెమ్మదిగా, ఒక్కో ముక్కా తనకు తాను చెప్పుకుంటున్నట్టు చెప్పింది. ఫణీంద్రకు తన విజయం చూసి భయమేసింది. పద్నాలుగేళ్లలో ఏ విద్యార్థికీ ఇంత త్వరగా ఏదీ అర్థమయ్యేలా చెప్పలేకపోయాడు. ఆరు అయితే షష్ఠి, సుబ్రహ్మణ్యేశ్వరుడిది, మంచిది అని తొందరగా అన్నాడు.

"ఇంకేం ఉన్నాయి?"

అబద్ధం ఆడొచ్చు. కానీ లెక్కల్లో అబద్ధం ఆడడం అతనికి అలవాటు లేదు. తిథుల్లో ఆడాడంటే అది వేరే సంగతి. "పదకొండు ఉందండీ" అన్నాడు.

"ఏకాదశి కదూ. నేను ఏకాదశి ఉపవాసం ఉంటాను బాబూ. నాకు అదే పెట్టించు."

అలా అతని ఒంటరి ఛానెల్లోకి ఒక మనిషి వచ్చి చేరింది.

చివరిది మొదటి అంతస్తు లాల్ బాషా ఇల్లు. ముందు గదిలోనే కుట్టు మిషను. మెట్లు దిగుతూ ఫణీంద్ర, ఈయనకు ఏ అంకె నచ్చుతుంది, ఏం చెబితే ఒప్పుకుంటాడు అని ఆలోచించి ఒక మాట సిద్ధం చేసుకున్నాడు. లాల్ బాషా ఆ మాట చెప్పే అవకాశం ఇవ్వలేదు. మెడలో టేపుతో లేచి నిలబడి, ఫోను తన చేతిలోకి తీసుకుని, కొండల్ని చాలాసేపు చూశాడు.

"ఆరులో ఎంతమందండీ?"

"మీతో కలిపి పన్నెండు."

"పదకొండులో?"

"ఇద్దరం. పాపాయమ్మ గారూ, నేనూ."

లాల్ బాషా ఫోను తిరిగి ఇచ్చాడు. టేపు మెడలోంచి తీసి వేలికి చుట్టుకుంటూ, "జాకెట్టుకి గుడ్డ చాలకపోతే మేం చంక దగ్గర తగ్గిస్తామండీ. అక్కడైతే వేసుకున్న వాళ్లకి తప్ప ఎవరికీ తెలీదు" అన్నాడు. ఫణీంద్ర చెవులు వేడెక్కాయి. "పర్లేదండీ, ఆరే పెట్టించండి. మిషనుకి నెట్ అక్కర్లేదు. మీకు ఉద్యోగం అంట కదా, మీ పని జరగాలి."

ఫణీంద్ర తల ఊపి మెట్లెక్కాడు. సిద్ధం చేసుకున్న మాట కూడా అతనితోపాటే పైకి వచ్చింది.

ఆ మర్నాటి నుంచి నెట్ ఒక్క క్షణం తెగలేదు. పచ్చగడి వచ్చిన ప్రతిసారీ ముప్పై సెకన్లలో మొదటి రెండిట్లోనే నొక్కేవాడు. ఎక్కడెక్కడి మనుషులో చెవిలోనే కూర్చున్నట్టు వినబడేవాళ్లు. వాషింగ్ మెషిను తిరగని ఆడమనిషి ముక్కు చీదుకోవడం కూడా స్పష్టంగా వినబడేది.

తెగిందల్లా పని, అదీ తలుపు దగ్గర. గాలిని బాగుచేసిన మనిషికి అన్నీ తెలుసని అపార్ట్‌మెంటంతా నమ్మింది. పాస్‌వర్డ్ మరిచిపోయినవాళ్లు, టీవీకి నెట్ తగలనివాళ్లు, గ్యాస్ బుకింగు ఫోన్లో ఎలా చేయాలో తెలియనివాళ్లు వచ్చి బెల్లు నొక్కడం మొదలుపెట్టారు. ఫణీంద్ర ఒక కాగితం మీద 'పని వేళలు: తొమ్మిది నుంచి ఒంటిగంట, రెండు నుంచి ఆరు. తలుపు కొట్టవద్దు' అని రాసి అంటించాడు. పని వేళలు అంటే మేష్టారు మన పని చూసే వేళలని అందరూ అర్థం చేసుకున్నారు. అంతకుముందు ఎప్పుడు పడితే అప్పుడు వచ్చేవాళ్లు ఇప్పుడు సరిగ్గా ఆ వేళల్లోనే, క్రమశిక్షణగా వచ్చేవాళ్లు. తలుపు కొట్టవద్దన్నారని బెల్లు నొక్కేవాళ్లు.

పచ్చగడికీ పచ్చగడికీ మధ్య పరిగెత్తి తలుపు తీసి, రెండు ముక్కల్లో తేల్చి, పరిగెత్తి వచ్చి కూర్చునేవాడు. వీరదుర్గ సాయంత్రం వచ్చాక ఆమెకు చెప్పి విసుక్కునేవాడు. విసుగులో ఎవరెవరు వచ్చిందీ, ఎవరింట్లో ఏమైందీ వివరంగా ఉండేది. ఆమె నవ్వకుండా వినేది. ఒక బుధవారం మధ్యాహ్నం దాకా ఎవరూ రాలేదు. ఒంటిగంటకు భోజనానికి లేచి, కంచం పెట్టుకునే ముందు, ఫణీంద్ర తలుపు తీసి బయటికి వెళ్లి బెల్లు పని చేస్తోందో లేదో నొక్కి చూశాడు. పని చేస్తోంది. ఎందుకు నొక్కానని తనను తాను అడిగి, కరెంటు పోయి వచ్చింది కదా అని సమాధానం చెప్పుకున్నాడు. ఆ రోజు కరెంటు పోలేదు.

ఇరవై ఎనిమిదో రోజు. ఇంకా రెండు రోజులు గడిస్తే ఉద్యోగం ఖాయం, సొరుగులో రాజీనామా కూడా ఖాయం. పదకొండున్నరకు బెల్లు మోగింది. పచ్చగడి వచ్చి పావుగంట దాటింది, మళ్లీ ఏ క్షణాన్నయినా రావచ్చు. ఆగి వెళ్లడం తెలివైన పని. రెండోసారి మోగకముందే అతను తలుపు దగ్గర ఉన్నాడు.

పాపాయమ్మ. చేతిలో చిన్న గిన్నె. కొత్తావకాయ కలిపింది, ఉప్పు సరిపోయిందో లేదో నాలుక చచ్చి తనకు తెలియడం లేదు, కాస్త చూసి చెప్పమంది. ఫణీంద్ర వేలితో తీసుకుని నోట్లో వేసుకుని, సరిపోయిందండీ అన్నాడు. అక్కడితో అయిపోవాలి. ఆమె కదల్లేదు.

"ఇంకో మాట బాబూ. నెట్ గురించే."

"రావట్లేదా అండీ?"

"బ్రహ్మాండంగా వస్తోంది. అదే చెబుదామని. మూడేళ్ల నుంచి రోజూ చూస్తున్నానా మా చెల్లెల్ని, ఎప్పుడూ మొహం మసక మసగ్గా, గళ్లు గళ్లుగా ఉండేది. ఇవాళ నవ్వింది. చూస్తే దానికి ముందు పన్ను లేదు."

లోపల గదిలో గంట కొట్టింది. పచ్చగడి. ఫణీంద్ర విన్నాడు. వినకుండా ఉండడం అతనికి చేతకాదు కదా. ఒకటి, రెండు, మూడు అని తలలో ఎవరో లెక్కపెడుతున్నారు.

"ఎప్పుడు ఊడిందే అంటే ఆర్నెల్లయిందంది. ఆర్నెల్లు బాబూ. రోజూ నా ఎదురుగానే కూర్చుని కూరలు తరిగింది."

పదకొండు, పన్నెండు. గది ఎనిమిది అడుగుల దూరం. ఒక్క నిమిషం అండీ అంటే చాలు. ఆ మాట అతను జీవితంలో కొన్ని వేలసార్లు అని ఉంటాడు, ఏ మాట మధ్యలోనైనా అనగలడు. ఇప్పుడు దాన్ని వెతుక్కుంటే దొరికింది, నోటి దాకా కూడా వచ్చింది. కాళ్లు మాత్రం గడప దగ్గరే ఉన్నాయి.

"మరి నాకెందుకు చెప్పలేదే అన్నాను. నువ్వు చూస్తూనే ఉన్నావు కదక్కా, నేను వేరే చెప్పేదేంటి అంది."

పాపాయమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఇరవై ఆరు, ఇరవై ఏడు. ఫణీంద్ర, "మీరేమన్నారండీ?" అని అడిగాడు.

ఏమందో ఆమె చాలాసేపు చెప్పింది. ఆమె మెట్లెక్కి వెళ్లాక లోపలికి వచ్చి చూస్తే తెర మీద మర్యాదైన ఇంగ్లీషులో నాలుగు వాక్యాలున్నాయి. హాజరు లేనందున మీ ప్రవేశం ముగిసినది, మీ ఆసక్తికి ధన్యవాదాలు. మూల చిన్న గుర్తులో వైఫై గీతలన్నీ నిండుగా వెలుగుతున్నాయి. పెద్దావిడ కదా, మాట మధ్యలో రావడం బాగుండదని ఆగానని ఫణీంద్ర అనుకున్నాడు. మోకాళ్ల నొప్పులు, మళ్లీ మెట్లు దిగి రాలేదు కదా అని కూడా అనుకున్నాడు. రెండు కారణాలూ బాగానే ఉన్నాయి. ఒకటే ఉంటే ఇంకా బాగుండేది.

భోజనాల వేళ వీరదుర్గ బ్యాంకు వెనక వరండాలోంచి వీడియో కాల్ చేసింది. అతని ముఖం చూసి ఏమైందని అడిగింది.

"పోయింది. మూడోసారి."

ఆమె టిఫిను డబ్బాకు మూత పెట్టేసింది. "నెట్టేనా?"

"ఆఁ" అన్నాడు ఫణీంద్ర. "నెట్టే. సరిగ్గా ఆ టైముకే తెగింది."

వీరదుర్గ ఫోను కాస్త దగ్గరికి తెచ్చుకుంది. తెర మీద ఆమె కనురెప్పలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి.

"ఏవండీ, మీ మూతి పక్కన ఆవపిండి కూడా కనబడుతోంది నాకు. ఎవరొచ్చారు?"